కోక మీద నుంచి విన్న గుండె

మొన్న ఒక అమ్మాయి వచ్చింది. కొత్త డాక్టరు. అరకు వైపు ఏజెన్సీలో పోస్టింగు పడిందట. నేను ఆ కొండల్లో పద్నాలుగేళ్ళు పనిచేశానని ఎవరో చెబితే, వెళ్ళే ముందు ఒకసారి కలిసి పోదామని వచ్చింది. "అక్కడికి ఏం తీసుకెళ్ళమంటారు సార్?" అని అడిగింది. స్వెట్టరు, దోమతెర, మంచి టార్చి, వానాకాలంలో జలగలు పట్టకుండా కాళ్ళకి రాసుకోవడానికి పొగాకు నీళ్ళు అని చెప్పాను. కాఫీ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పిల్ల గేటు దాటాక నా మీద నాకే విసుగు పుట్టింది. చెప్పాల్సింది ఒక్కటే ఉంది, అది తప్ప అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళూ చెప్పకుండా తప్పించుకోవడం అలవాటైపోయి, తీరా అడిగే మనిషి ఎదురుగా కూర్చుంటే నోటికి రాలేదు. నోటికి రానిది చేతికైనా వస్తుందేమోనని రాస్తున్నాను. ఓపిక తక్కువ, చూపు అంతంతమాత్రం. అందుకని బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ళు, ఎవరెవరితో తగువు పడ్డానో, అవేవీ రాయను. వాటి వల్ల ఎవరి ప్రాణమూ నిలబడలేదు, నాది తప్ప.

సంతనాటి ఆసుపత్రి

డెబ్భైల మొదట్లో నన్ను ఆ ఆసుపత్రికి వేశారు. ఆ ఊరి పేరు రాయను, అరకులోయ దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి. రెండు గదులు, ఒక వరండా, కారే పెంకుల కప్పు. నేనూ, ఒక కాంపౌండరూ, మార్తమ్మ అనే నర్సూ. మార్తమ్మది విజయనగరం దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు పెద్దది, నాకంటే పదేళ్ళు ముందే ఆ కొండల మీదికి వచ్చింది. ఈ రెండు సంగతులూ ఆవిడకి గుర్తుండేవి, నాకు గుర్తుండేవి కావు.

వారంలో ఆరు రోజులు ఈగలు తోలుకునేవాళ్ళం. ఏడో రోజు సంత. కొండ ఊళ్ళవాళ్ళు చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకుల మోపులు, రాగులు దింపి అమ్ముకుని, ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కుని, పనిలో పనిగా జబ్బు కూడా చూపించుకుని పోయేవారు. చీకటి పడకముందే ఇల్లు చేరాలి కాబట్టి అందరికీ తొందరే. "బేగి సూడు బాబూ" అనే మాట వినీ వినీ నాకూ తొందర పట్టుకుంది. మనిషికి రెండు నిమిషాలు. అంతకంటే ఎక్కువ ఇస్తే వెనకవాళ్ళకి ఒక్క నిమిషం కూడా దక్కేది కాదు.

ఆ జనంలో ఆయాసంతో వచ్చేవాళ్ళు కొంతమంది ఉండేవారు. చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆ తర్వాత కీళ్ళ వాపు, అది తగ్గిందని అందరూ మరిచిపోతారు. గుండె మాత్రం మరిచిపోదు. లోపలి కవాటం ఏడాదికింత చొప్పున ముడుచుకుపోయి, పాతికేళ్ళు వచ్చేసరికి నెత్తురు పోయే దారి సన్నబడి, మనిషి ఆయాసపడతాడు. ఒకే గుడిసెలో పదిమంది పడుకునే ఇళ్ళలో ఒకరికొస్తే ఇంకొకరికి రావడం మామూలే. మందులతో కొన్నాళ్ళు నెట్టుకు రావచ్చు. ఆ కవాటాన్ని వేలితో తెరిచే ఆపరేషన్ అప్పటికే కింద పట్నంలోని పెద్దాసుపత్రిలో చేస్తున్నారు. వేళకి పంపితే బతికేవారు. ఆలస్యమైతే ఊపిరితిత్తులకి నెమ్ము పట్టి, కాళ్ళు వాచి, గుండె చేతులెత్తేసేది. అప్పుడు కత్తి పట్టినా లాభం తక్కువ.

వేళకి పంపాలంటే వేళకి వినాలి. ఈ జబ్బు చప్పుడు చాలా సన్నం. మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఎడమ రొమ్ము కింద స్టెతస్కోపు ఒంటికి ఆనించి, ఊపిరి బిగపట్టి వింటే, దూరాన గూడ్సుబండి సొరంగంలోకి దూరుతున్నట్టు గుడగుడమని ఒక చప్పుడు. అంతే. కాలేజీలో మాకందరికీ ఇలాగే నేర్పారు. ఎడమ పక్క, ఒంటి మీద. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి, మిగిలిన కథంతా వీటి గురించే.

సంతకి వచ్చే మగవాళ్ళలో చొక్కా వేసుకునేవాళ్ళు తక్కువ. బల్ల మీద పడుకోమంటే పడుకునేవారు, పక్కకి తిరగమంటే తిరిగేవారు. ఆడవాళ్ళని మాత్రం నేను నిలబెట్టే చూసేవాణ్ణి. కింది రెప్ప లాగి చూడ్డం, నాలుక చాపమనడం, కోక మీద నుంచి స్టెతస్కోపు ఒక్క క్షణం ఆనించడం, "రక్తం లేదమ్మా" అని ఇనప మాత్రలు రాయడం. అది అబద్ధం కూడా కాదు. ఆ కొండల్లో రక్తం సరిపడా ఉన్న ఆడమనిషిని నేను చూడలేదు. అబద్ధం కాదు కాబట్టే అంత కాలం సాగింది.

చేరిన కొత్తలో మా జిల్లా అధికారి ఇన్‌స్పెక్షనుకి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక ఆడమనిషి ఆయాసమంటూ వచ్చింది. ఆయన నా చెవిలో, "ఆడదానికి ఆయాసమంటే మూడేనోయ్. రక్తం లేకపోవడం, కడుపుతో ఉండడం, ఇంట్లో పని ఎగ్గొట్టడం. నాలుగోది వెతుక్కోకు, సంత అయ్యేసరికి నీ పని తెమలదు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్ళల్లో వాంతులూ విరేచనాలూ ప్రబలినప్పుడు తన జీపు మాకిచ్చి తను లారీలో వెళ్ళినవాడు. అదే చిక్కు. మంచివాడు చెప్పిన చెడ్డ సలహా ముల్లులా గుచ్చుకోదు, సుఖంగా లోపలికి దిగుతుంది.

గాసి

గాసి వచ్చేనాటికి వాడికి ఇరవై ఆరేడేళ్ళుంటాయి. కావడి మోయలేకపోతున్నాను, ఎగువకి నడిస్తే గుండె దడదడలాడుతోందన్నాడు. నలుగురు మనుషులు డోలీ కట్టి మోసుకొచ్చారు. నిజానికి వాడు నడవగలడు. "మోయమని నానడగనేదు బాబూ, ఆలే మోసుకొచ్చీసినారు" అని సిగ్గుపడ్డాడు. ఆ కొండల్లో మగాడికి ఆయాసమొస్తే డోలీ కట్టేవారు, ఆడదానికి ఆయాసమొస్తే ఆకు పసరు పోసేవారు. నేను వాళ్ళని తప్పుపట్టే అర్హత ఉన్నవాణ్ణి కాదు. నా దగ్గరా అదే వరస.

బల్ల మీద పడుకోబెట్టాను, ఎడమకి తిప్పాను, విన్నాను. గూడ్సుబండి. మొదటి రోజే. నా చెవి మీద నాకు ఎంత గర్వమేసిందో! మందులు మొదలుపెట్టి, ఉత్తరం రాసిచ్చి, ఘాట్ బస్సు ఎక్కించి కిందికి పంపాను. పెద్ద సర్జను గారు ఆపరేషన్ చేశారు. నెల తిరిగేసరికి గాసి ఎడమ రొమ్ము కింద పొడుగాటి కుట్టుతో తన కాళ్ళ మీద తను నడిచి వచ్చాడు. సంతలో అందరికీ ఆ మచ్చ చూపించేవాడు. "బాబు ఇన్నాడు, పట్నంలో పెద్ద బాబు ఏలెట్టి తెరిసీసినాడు" అని చెప్పేవాడు. నాకు ఒక కోడిపుంజూ, ఒక బుట్ట సీతాఫలాలూ ముట్టాయి.

ఆరు నెలలు బరువు మోయొద్దన్నాను. జబ్బు తిరగబెట్టకుండా నెలకోసారి వచ్చి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకోమన్నాను. వాడు బుద్ధిమంతుడు, ఒక్క నెల తప్పలేదు.

వెనక నిలబడ్డ మనిషి

గాసి ఇంజెక్షనుకి వచ్చినప్పుడల్లా వాడి వెనక ఒక మనిషి నిలబడేది. వాడి చెల్లెలు సుక్రి. భర్త జ్వరంతో పోతే అన్న ఇంటికి చేరింది. ఇంటి కోసం తెచ్చే బుట్టలూ మూటలూ అన్నీ ఆవిడ నెత్తి మీదే. నేను గాసిని బరువు మోయొద్దన్నాను కదా, ఆ బరువు గాల్లో కలిసిపోదు, ఎవరో ఒకరు మోయాలి. వాడి భార్య బాలింత. ఇంక మిగిలింది సుక్రి. గాసి కావడి కూడా ఆ ఆరు నెలలూ ఆవిడే ఎత్తింది. ఈ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

రెండో నెలో మూడో నెలో గాసి అన్నాడు. "దీనికీ కుసింత ఆయాసంగున్నాది బాబూ. సూడు."

సుక్రి నెత్తి మీద బుట్ట దింపి నిలబడింది. ఆవిడకి రవికె లేదు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళలో చాలామంది ఆడవాళ్ళు వేసుకునేవారు కాదు, కోకనే భుజం మీదికి తిప్పి ముడి వేసుకునేవారు. వాళ్ళకి అందులో సిగ్గేమీ లేదు. ముడి విప్పమంటే విప్పేది, బల్ల మీద పడుకోమంటే పడుకునేది. సిగ్గు నాది. మైదానంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆడవాళ్ళ వార్డులో తల వంచుకుని తిరగడమే మర్యాదని నేర్చుకున్నవాణ్ణి. ఎదుటి మనిషికి లేని సిగ్గుని నేనే ఆవిడకి కట్టబెట్టి, ఆ ముతక కోక మీద స్టెతస్కోపు పెట్టాను. కింది రెప్ప లాగాను. తెల్లగా ఉంది.

"రక్తం లేదు" అన్నాను.

"మరేటి సెయ్యాల?" అంది సుక్రి. నాతో నేరుగా మాట్లాడడం అదే మొదటిసారి.

"మాత్రలేసుకో, ఆకుకూరలు తిను."

"ఆకులే తింతన్నాం బాబూ" అంది. వెనక ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ కోక మీదే. ఒకసారి కింది రెప్ప కూడా చూడలేదు, మాత్రలు పొట్లం కట్టి ఇచ్చేశాను. ఒకే గదిలో, ఒకే నాడు, అన్నకి పెన్సిలిన్, చెల్లెలికి ఇనప మాత్రలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే జబ్బు. ఈ తెలివితక్కువతనానికి ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండో వానాకాలం మధ్యలో సుక్రిని డోలీలో తెచ్చారు. కాళ్ళు స్తంభాల్లా వాచిపోయాయి. పడుకోలేదు, కూర్చునే నిద్రపోతోంది. దగ్గితే కళ్ళెలో నెత్తురు. మార్తమ్మ ఆవిడని ఎడమ పక్కకి ఒరగబెట్టి, కోక తొలగించి, నా మొహంలోకి చూసింది. అప్పుడు విన్నాను. బల్ల మీద పడుకున్న అన్న గుండెలో రెండేళ్ళ కింద విన్న చప్పుడే, అదే గూడ్సుబండి, అదే సొరంగం. కాకపోతే గుండె లయ తప్పి ఇష్టమొచ్చినట్టు కొట్టుకుంటోంది.

నేను చెప్పిన మాట

మందులతో నీరు లాగి, కొంచెం తెరిపిన పడ్డాక జీపులో కిందికి దింపాను. నేనూ వెళ్ళాను. పెద్ద సర్జను గారు పెదవి విరిచారు కానీ కాదనలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. కవాటం తెరుచుకుంది. కానీ అన్నేళ్ళు అంత బరువు లాగిన గుండె మళ్ళీ తేరుకోలేదు. మూడో రోజు పొద్దున సుక్రి పోయింది.

చేతులు కడుక్కుంటూ సర్జను గారు అన్నారు. "ఎందుకోనయ్యా, ఆడవాళ్ళ గుండెలు నా చేతికి కలిసిరావు. అదే ఆపరేషను, అదే వేలు. మగవాడు లేచి నడిచి పోతాడు, ఆడది పోతుంది. వాళ్ళ గుండె నిర్మాణమే బలహీనమేమో." గొప్ప పనివాడు ఆయన. ఆయన వేలి మీద నమ్మకంతో నేను ఎంతమందిని పంపానో! ఆయనకి తెలియంది ఒక్కటే. ఆయన బల్ల మీదికి మగవాళ్ళు ముందుగా వచ్చేవారు, ఆడవాళ్ళు చివర్లో వచ్చేవారు. ఎవరు ఎప్పుడు రావాలో తేల్చేది పైన కొండల్లో నాలాంటివాళ్ళు. ఆయన చూసింది చివరి అంకం ఒక్కటే.

నాకు మాత్రం ఆ మాట దాహానికి మంచినీళ్ళలా అందింది. వరండాలో గాసి కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

"బాబూ, ఇద్దరిదీ ఒకటే జబ్బన్నావు. నాను బతికినాను. అదెందుకు సచ్చిపోనాది?"

"ఆడవాళ్ళ గుండె బలహీనం గాసీ. ఈ ఆపరేషన్ తట్టుకోలేదు" అన్నాను.

వాడు తల ఊపాడు. చెల్లెల్ని ఊరికి ఎలా తీసుకుపోవాలో అడిగాడు. నేను బండి ఏర్పాటు చూశాను. పాపం చేసినవాడు ఏర్పాట్లు బాగా చేస్తాడు.

వారం తర్వాత, ఆసుపత్రిలో ఇంకెవరూ లేనప్పుడు, మార్తమ్మ సూదులు మరగబెడుతూ నా వైపు తిరక్కుండానే అడిగింది.

"సార్, ఓ మాటడుగుతాను, కోప్పడకండేం. సుక్రి గుండె మీరు ఇన్నది కోక మీదా, కోక తీసా?"

నేను బల్ల మీది చీటీలు సర్దడం మొదలుపెట్టాను.

"అందరివీ అలాగే ఇంతన్నారండి. నేను పక్కనే ఉన్నాను, నేనూ సెప్పలేదు. డాక్టరు గారు కదా, మీకు తెలీదేటిలే అనుకున్నాను. నా పాపమూ ఉందిలెండి ఇందులో."

నాకు కోపమొచ్చింది. ఆవిడ తన పాపం తను ఒప్పుకోవడం మీద కోపమొచ్చింది, ఎంత సిగ్గుమాలినవాణ్ణో చూడండి. ఆవిడ ఇంటికి వెళ్ళాక నా ఓపీ పుస్తకం తీశాను. నా చేతిరాతే. ఆయాసమని వచ్చిన మగవాళ్ళ పేర్లకి ఎదురుగా గుండె, ఆస్తమా, క్షయ అని రకరకాలు. ఆడవాళ్ళ పేర్లకి ఎదురుగా ఒకటే మాట, పేజీ తర్వాత పేజీ, రక్తహీనత. ఎంతమందో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది. ఇప్పటికీ లేదు.

ఆ సంత నుంచి పద్ధతి మార్చాం. పాత పంచె ఒకటి గదికి అడ్డంగా తెర కట్టాం. కొండ ఆడవాళ్ళతో ఇబ్బందే లేదు, మార్తమ్మ ఒక్క మాట చెబితే పక్కకి తిరిగి పడుకునేవారు. మైదానం నుంచి వచ్చి స్థిరపడ్డ షావుకార్ల ఇళ్ళ ఆడవాళ్ళే ససేమిరా అనేవారు. వాళ్ళ కోసం స్టెతస్కోపుకి పొడుగాటి రబ్బరు గొట్టం వేయించాను. తెర అవతల మార్తమ్మ దాన్ని చోటు చూసి ఒంటికి ఆనించేది, తెర ఇవతల నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. గొట్టం పొడుగైతే చప్పుడు కొంత తగ్గుతుంది. అయినా కోక మీద వినడం కంటే వెయ్యి రెట్లు నయం. రెండు నిమిషాలు నాలుగైనాయి. సంతనాడు దీపాలు పెట్టేదాకా పని తెమిలేది కాదు. మా జిల్లా అధికారి చెప్పింది ఆ ఒక్క విషయంలో నిజమే.

వినడం మొదలుపెట్టాక వినబడింది. ఎంతమంది ఆడవాళ్ళలో! కానీ వింత ఏమిటంటే, కిందికి వెళ్ళమంటే ఎవరూ కదిలేవారు కాదు. "మా ఆడోలకి అది పడదు బాబూ" అనేవారు. ఒకావిడ, ఇంకొకావిడ, వేరే ఊరావిడ, అందరిదీ అదే మాట. మూఢనమ్మకమని విసుక్కునేవాణ్ణి. 'ఆపరేషనుకి నిరాకరించింది' అని పుస్తకంలో రాసి పక్కన పెట్టేవాణ్ణి.

ముక్త

సుక్రి పోయిన మూడో ఏడు, సంతకి అడ్డాకుల మోపుతో వస్తున్న ఒక అమ్మాయి పది అడుగులకోసారి మోపు దింపి కూర్చోవడం మార్తమ్మ కంటపడింది. వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి గాసి ఆఖరి చెల్లెలు ముక్త. ఇరవై ఏళ్ళుంటాయి. పక్క ఊరికి మనువు ఇచ్చి ఏడాది. తెర వెనక పడుకోబెట్టి విన్నాను. గూడ్సుబండి. కాళ్ళు వాచలేదు, లయ తప్పలేదు. ఇంకా వేళ ఉంది. కానీ కడుపు పండితే మాత్రం కష్టం, ఆ బరువు ఈ గుండె మోయలేదు. వెంటనే పంపాలన్నాను.

భర్త కుర్రాడు. "మా బావని అడగాల బాబూ" అన్నాడు. సంతలోనే ఉన్న గాసిని పిలుచుకొచ్చాడు.

గాసి వరండాలో నిలబడి అంతా విన్నాడు. నెమ్మదిగా, నా మీద గౌరవం తగ్గకుండా అన్నాడు. "వద్దు బాబూ. ఆడోల గుండె ఆ కత్తికి ఆగదు. నువ్వే సెప్పినావు గదా. నాను మా ఊర్లన్నిటా సెప్పినాను, మగోలని పంపండి, ఆడోలని పంపకండి, అక్కడికెళ్ళి సచ్చే కన్నా ఇంట్లో సచ్చిపోతే నయమని."

ఆ మాట ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది. అది వాళ్ళ మూఢనమ్మకం కాదు. నేను కన్న బిడ్డ. పట్నంలో, ఆ వరండాలో, నా మొహం దాచుకోవడానికి పుట్టించి వదిలితే, గాసి దాన్ని నమ్మకంగా ఊరూరా తిప్పి పెంచాడు. 'నిరాకరించింది' అని నేను రాసిన ప్రతి ఆడమనిషీ నా మాట విన్నందుకే నిరాకరించింది.

"లోపలికి రా గాసీ, మాట్లాడాలి" అన్నాను.

"ఇక్కడే సెప్పు బాబూ."

వరండా నిండా జనం. కాంపౌండరు, మార్తమ్మ, మోపులు దింపుకుని కూర్చున్న ఆడవాళ్ళు, ముక్త. లోపలైతే ఇంకొంచెం సున్నితంగా చెప్పేవాణ్ణేమో. బయట అంత ఓపిక కూడా రాలేదు.

"నేను నీకు అబద్ధం చెప్పాను. సుక్రి గుండె బలహీనం కాదు. నీకున్న జబ్బే దానికీ ఉంది. నిన్ను పడుకోబెట్టి విన్నాను. దాన్ని నిలబెట్టి, కోక మీద పెట్టి విన్నాను. వినబడలేదు. మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ అలాగే పంపేశాను. నీతో పాటే పంపి ఉంటే నీతో పాటే బతికేది."

గాసి నా మొహం కేసి కాదు, నా మెడలో స్టెతస్కోపు కేసి చూస్తున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

"నా బరువంతా అదే మోసినాది బాబూ" అన్నాడు. "నీ కాడికొచ్చినప్పుడల్లా నా ఎనకాలే నిలబడ్డాది."

ఆ తర్వాత ముక్త వైపు తిరిగాడు. "పడుకో. బాబూ, మల్లీ ఇను. నా ముందర ఇను."

మార్తమ్మ ముక్తని లోపల బల్ల మీద ఎడమకి తిప్పి, దుప్పటి కప్పి, కోక తొలగించి చోటు చూపించింది. గాసి తెర పక్కనే నిలబడ్డాడు. నేను విన్నాను. ఏమైందో ఏమో, ఆ పొడుగు గొట్టం చెవుల్లోంచి తీసి గాసి చెవులకి పెట్టాను. వాడు ముందు ఏమీ వినబడలేదన్నట్టు చూశాడు. కళ్ళు మూసుకోమన్నాను. కాసేపటికి వాడి మొహం మారింది.

"నాకూ ఇదే సప్పుడా?"

"ఇదే."

"సుక్రికో?"

"ఇదే."

గొట్టం తీసి నా చేతికిచ్చాడు. "పంపు" అన్నాడు. తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. ఆ రెండూ నాకు ఇప్పటిదాకా బాకీగానే మిగిలిపోయాయి.

తర్వాత

ముక్తకి వేళకి ఆపరేషన్ అయింది. పదో రోజు వార్డులో నడిచింది. పెద్ద సర్జను గారు మెచ్చుకోలుగా, "ఈ పిల్లది మగవాడి గుండెనోయ్" అన్నారు. "కాదు సార్, తొందరగా వచ్చిన గుండె" అన్నాను. ఆపైన మా కొండల నుంచి వచ్చే ఆడవాళ్ళ గురించి ఆయన నోట బలహీనమన్న మాట నేను వినలేదు. ముక్త ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని కంది, ఇద్దరూ మా వరండాలో పాకిన పిల్లలే. ఆ ఏడు ఇంకొందరు ఆడవాళ్ళు కిందికి వెళ్ళారు. అప్పటికే వేళ దాటిపోయినవాళ్ళు కొందరు తిరిగి రాలేదు. ముందు కాదన్న వాళ్ళలో కొందరిని వెతుక్కుంటూ వాళ్ళ ఊళ్ళకి వెళ్ళాను. రెండిళ్ళలో నేను వెళ్ళేసరికి మనిషే లేదు.

కొత్తగా వెళ్ళే డాక్టర్లకి ఒక్క మాట. తప్పు తెలిసింది కాబట్టి ఇక చెయ్యనని అనుకోకండి. తెలియడం వేరు, చేతికి రావడం వేరు. అలసిపోయినప్పుడు చెయ్యి తన పాత దారినే పోతుంది. నాకు ఎలా తెలుసో చెప్పి ఆపేస్తాను.

నేను అక్కడ ఉన్నన్నాళ్ళూ గాసి తన ఇంజెక్షనుకి, ముక్తకి కూడా చేయించడానికి నెలనెలా వచ్చేవాడు. తన పని అయ్యాక కూడా వెళ్ళేవాడు కాదు. గోడవార బెంచీ మీద కూర్చుని, చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకుని, నేను ఒక్కొక్కర్నీ చూసే తీరు చూస్తుండేవాడు. సంత ముగిసేదాకా ఉండి, అప్పుడు లేచి పోయేవాడు. ఎందుకని నేను అడగలేదు. మార్తమ్మ కూడా అడగలేదు.

ఒక వానాకాలం నాకు మలేరియా తగ్గి రెండో రోజు. కాళ్ళు తేలిపోతున్నాయి. సంత జనం వరండా దాటి వానలో నిలబడ్డారు. ఒక ముసలామె వచ్చి ఆయాసమంది. వయసు మళ్ళిన మనిషి, తడిసిపోయి ఉంది, వెనక ఇంకా అంతమంది. నేను కూర్చున్న చోటు నుంచి లేవకుండా, స్టెతస్కోపు ఆమె తడి కోక మీద పెట్టేశాను.

గోడవార బెంచీ మీంచి మాట వినబడింది. కోపం లేదు, గట్టిగా కూడా కాదు. దారిలో ముల్లుందని ముందు నడిచేవాడు వెనకవాడికి చెప్పినట్టు చెప్పాడు గాసి.

"బాబూ, కోక."

నేను లేచి మార్తమ్మని పిలిచాను.